పేరు లేని వరసలు

ఆ మైనస్ గుర్తును చూడగానే నేను చేసిన మొదటి పని కళ్ళజోడు తీసి చున్నీతో తుడుచుకోవడం. తుడిచి పెట్టుకున్నా అది అక్కడే ఉంది. కంప్యూటర్ ఆపి మళ్ళీ వేసి, అదే లెక్క మళ్ళీ చేయించాను. మళ్ళీ మైనసే. కొండల్లో రోడ్డుకు దూరమయ్యేకొద్దీ పుట్టిన బిడ్డలు ఎక్కువగా బతుకుతున్నారని దాని అర్థం. ఆసుపత్రి మొహం చూడని ఊళ్ళలో, పూట నడక దూరాన పుట్టినవాళ్ళు తారురోడ్డు పక్కన పుట్టినవాళ్ళ కంటే క్షేమంగా ఉన్నారని ఆ చిన్న అడ్డగీత చెబుతోంది.

నేను కొండల కింద మైదాన ప్రాంతంలో ఒక వైద్య కళాశాలలో గణాంకాలు చూసే ఉద్యోగిని. డాక్టర్ని కాను. ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా పెళ్ళిళ్ళలో బంధువులు మోకాళ్ళ నొప్పులకు మందు అడుగుతూనే ఉంటారు. నాకు తెలిసింది లెక్క ఒక్కటే. అది బాగా తెలుసని గర్వం కూడా ఉండేది. ముఖ్యంగా నా ఫైళ్ళు శుభ్రంగా ఉంటాయని. మా ఆఫీసులో ఎవరి ఎక్సెల్ షీట్లోనైనా ఖాళీ గడి కనిపిస్తే, అన్నంలో రాయి తగిలినట్టు నాకు ఒళ్ళు జలదరించేది.

అప్పటికి రెండేళ్ళుగా ఒక పని నడుస్తోంది. పాడేరు నుంచి ముంచింగిపుట్టు దాకా కొన్ని కొండ ఊళ్ళలో పుట్టిన బిడ్డలను ఏడాది నిండేదాకా గమనించాలి. ఊళ్ళను మూడు రకాలుగా విడదీశాం: రోడ్డు పక్కవి, గంట నడకవి, పూట నడకవి. ఒక్కో చోట ఆశా కార్యకర్త తన నోటుపుస్తకంలో తల్లి పేరు, బిడ్డ పుట్టిన తేదీ, బిడ్డ పేరు, పోతే పోయిన తేదీ రాసేది. ఆ పేజీల ఫొటోలు మాకు వచ్చేవి. వాటిని ఎక్సెల్‌లోకి ఎక్కించడం, చివరికి లెక్క తేల్చడం నా పని.

లెక్క ఎందుకంటే, నెలలు నిండిన గర్భిణులు ముందే వచ్చి ఉండడానికి ఒక వసతి గృహం తెరవాలని అధికారుల ఆలోచన. వాడకంలో లేని పాత భవనాలు రెండున్నాయి. ఒకటి కింద, రోడ్డు మీద. ఇంకొకటి పైన, కాలిబాటలన్నీ కలిసి జీపు ఆగిపోయే చోట. వానలకు ముందు ఒక్కదాన్నే బాగుచేయగలరు. ఏదన్నది శుక్రవారం పాడేరు మీటింగులో మా కాగితం చూసి తేలుస్తామన్నారు.

ఇలాంటి లెక్కలో ముందు ఒక మెట్ల గీత గీస్తాం. అందరూ బతికే ఉన్న మొదటి రోజున గీత పైన మొదలవుతుంది. ఒక బిడ్డ పోయిన రోజున ఒక మెట్టు దిగుతుంది. ఎవరూ పోని రోజుల్లో అడ్డంగా సాగుతుంది. మూడు రకాల ఊళ్ళకు మూడు గీతలు. ఆ గీతల మధ్య తేడా నిజమైనదా, ఏదో అలా జరిగిపోయిందా అని తేల్చడానికి ఒక పరీక్ష కావాలి. అందరూ వాడేది లాగ్ ర్యాంక్ పరీక్ష. అది ‘ఈ మూడింటికీ తేడా ఉందా’ అని మాత్రమే అడుగుతుంది. ఊళ్ళ వరస దానికి పట్టదు. పూట నడక ఊరిని ముందు రాసినా వెనక రాసినా ఒకటే జవాబు చెబుతుంది. దాని తోబుట్టువు ఇంకొకటి ఉంది, ట్రెండ్ పరీక్ష. అది రోడ్డు పక్క ఊరికి సున్నా, గంట నడక ఊరికి ఒకటి, పూట నడక ఊరికి రెండు అని మార్కులు వేసి, ‘దూరం పెరిగేకొద్దీ చావులు ఒకవైపు మొగ్గుతున్నాయా’ అని అడుగుతుంది. పెరుగుతుంటే ప్లస్, తగ్గుతుంటే మైనస్.

మా సార్, అంటే నా పైన ఉన్న ప్రొఫెసర్, మంచివారే కానీ తొందరమనిషి. ‘లాగ్ ర్యాంక్ చాలదా అమ్మా? అందరికీ తెలిసింది. కొత్తవి పెడితే కొత్త ప్రశ్నలొస్తాయి’ అన్నారు మొదట్లోనే.

‘దూరానికి ఒక వరస ఉంది సార్. వరస ఉన్నదాన్ని లేనట్టు చూస్తే, కళ్ళెదుట ఉన్న సంగతి కూడా లెక్కకు కనపడదు.’

‘నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు’ అని నవ్వి ఒప్పుకున్నారు.

పరీక్షను గీతలు చూడకముందే ఎంచుకోవాలి. గీతలు చూశాక ఎంచుకోవడం పెళ్ళయ్యాక జాతకాలు చూసినట్టు ఉంటుంది. అందుకని ఒక కాగితం మీద ‘ట్రెండ్ పరీక్ష వాడతాం, జవాబు ఏదొచ్చినా మార్చం’ అని రాసి, నేను సంతకం పెట్టి, సార్ చేత కూడా పెట్టించి, నా బీరువా తలుపు లోపలి వైపు అంటించాను. అలా అంటించినందుకు కూడా కొంత గర్వపడ్డాను.

అదిగో, ఆ పరీక్షే మైనస్ అంది. గట్టిగానే అంది. ఆ కంగారులో, చేయకూడదని నేనే రాసుకున్న పని చేశాను. మామూలు లాగ్ ర్యాంక్ కూడా వేసి చూశాను. అది ‘చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు’ అని నింపాదిగా చెప్పింది.

సార్ రెండు జవాబులూ చూసి రెండు నిమిషాలు కూడా ఆలోచించలేదు. ‘తేడా లేదంటోంది కదా, అదే రాసెయ్. ఎక్కడైనా ఒకటే అయితే రోడ్డు పక్క భవనమే సులువు. మందులు పంపడం తేలిక, మనుషులు వెళ్ళడం తేలిక. కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా?’

ఆయన అంత తేలిగ్గా అనడమే నాకు ఆశ్చర్యం. అంతకంటే ఆశ్చర్యం ఏమిటంటే, గదిలోకి వచ్చి నేను ఆ వాక్యం నిజంగానే టైపు చేశాను. ‘మూడు రకాల ఊళ్ళ మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు.’ చదువుకుంటే ఎంతో మర్యాదగా ఉంది. ఎవరూ ప్రశ్న వేయరు. ప్రింటు తీద్దామని కాగితాల కోసం బీరువా తెరిచాను. తలుపు లోపల నా సంతకం నన్నే చూస్తోంది. నాకు ఒళ్ళు మండింది. సార్ మీద కాదు, నా మీద కూడా కాదు, ఆ కాగితం మీద. కోరి కొరివితో తల గోక్కున్నానని తిట్టుకుంటూ టైపు చేసిన వాక్యం చెరిపేశాను. చెరిపాక ఏం రాయాలో తెలియలేదు. దూరం బిడ్డల్ని కాపాడుతుందని రాయాలా? రాసి సంతకం పెట్టాలా?

మంగళవారం సాయంత్రం పాడేరు బస్సెక్కి, బుధవారం తెల్లవారకముందే అక్కడినుంచి జీపు పట్టుకున్నాను. ఆ నోటుపుస్తకాల్లో అన్నిటికంటే చక్కగా రాసిన పుస్తకం ఒకటుంది. కొట్టివేతలు లేవు, అక్షరాలు గుండ్రంగా ఉంటాయి. ఆ ఆశా కార్యకర్తతో రెండేళ్ళుగా ఫోన్లో మాట్లాడుతున్నాను, మనిషిని చూడలేదు. ఆమెది పూట నడక ఊరు. సిగ్నల్ అందే బండ మీదికి ఎక్కి మాట్లాడుతున్నానని ఎప్పుడూ చెప్పేది. గొంతు విని పెద్దావిడ అనుకున్నాను. జీపు ఆగిన చోట నా కోసం నిలబడి ఉన్నామె నాకంటే చిన్నది.

అక్కడే ఉంది పాత భవనం, కిటికీలకు తలుపుల్లేకుండా. దాని పక్కనుంచే కాలిబాట మొదలవుతుంది. అప్పుడే తొలి జల్లులు పడి కాఫీ తోటలు పూతకొచ్చాయి. కొమ్మల నిండా తెల్లటి పూలు, దారంతా వాసన. చూడ్డానికి వచ్చినదాన్నయితే ఎంత సంతోషించేదాన్నో.

‘ఎంత దూరం?’ అన్నాను ఆయాసపడుతూ.

‘ఆరు బుజాలు మేడమ్.’

అర్థం కాక చూశాను. ఆమె నవ్వింది. ‘నొప్పులొచ్చినోల్లని డోలీ కట్టి మోసుకొత్తారు కదా. ఆరుసార్లు బుజం మారిత్తే కిందకి దిగీసినట్టు. వానల్లో అయితే పది మారాల.’

నా ఎక్సెల్‌లో ఆ దూరానికి ‘రెండు’ అని మార్కు వేసి ఉంది. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

‘మా సెల్లికి ఆరో నెల’ అంది ఆమె, ముందు నడుస్తూనే. ‘ఆ బిల్డింగు మీరు తెరిపిత్తారంట కదా. వానల్లోపు తెరిత్తే దాన్ని ముందే తెచ్చి అక్కడ పడీగలం. డోలీ బాద ఉండదు. అందుకే మీరొత్తన్నారంటే పనంతా మానీసి వచ్చినాను.’

ఊళ్ళోకి వెళ్ళేసరికి వాళ్ళ పక్కింట్లో ఏదో సందడిగా ఉంది. ఆమె నన్ను తన అరుగు మీద కూర్చోబెట్టింది. అరుగంతా అడ్డాకులు పరిచి ఉన్నాయి, విస్తళ్ళు కుట్టడానికి. వాటిని ఒక పక్కకు జరిపి ఎదురుగా కూర్చుంది. ఇక దాచి లాభం లేదని లెక్క ఏం చెబుతోందో చెప్పేశాను. మెట్ల గీత ఏమిటో, ఒక్కో మెట్టు ఎందుకు దిగుతుందో నోటుబుక్కులో గీసి చూపించాను. మూడు మార్కుల సంగతీ చెప్పాను.

ఆమెకు నా విద్యార్థుల కంటే తొందరగా అర్థమైంది. ‘అంటే, రోడ్డుకి దూరం ఎల్తన్నకొద్దీ సచ్చిపోవడం పెరుగుతాదా తరుగుతాదా అని కదా మీరడిగినది?’

‘అదే.’

‘ఏటొచ్చింది?’

‘తగ్గుతోందని వచ్చింది.’

‘ఏటీ?’ ఆమె చేతిలోని ఆకు కింద పడింది. ‘మా పిల్లలు బాగా బతుకుతన్నారా? కిందోల్లకన్నా? ఎవలు సెప్పినారు మేడమ్ అలగ?’

‘మీ పుస్తకాలే.’

‘నా పుస్తకమా?’

గబగబా లోపలికి వెళ్ళింది. ప్లాస్టిక్ కవరులో చుట్టి, పైన రబ్బరు బ్యాండు వేసిన నోటుపుస్తకం తెచ్చి నా ముందు తెరిచింది. రెండేళ్ళుగా ఫొటోల్లో చూసిన పేజీలే. ఒక వరస మీద వేలు పెట్టింది. తల్లి పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ. రెండు తేదీల మధ్య వారం కూడా లేదు. ‘ఇది రాసినాను కాదేటి?’ పేజీ తిప్పింది. ‘ఇది? ఇది కూడా రాసినాను. నానేదీ దాయనేదు మేడమ్.’

ఆమె వేలు పెట్టిన ప్రతి వరసలోనూ ఒక గడి ఖాళీగా ఉంది.

‘బిడ్డ పేరు రాయలేదేం?’ అన్నాను.

‘పేరెట్టనేదు కదా’ అంది ఆమె. ఇది కూడా తెలీదా అన్నట్టు చూసింది. తర్వాత నా చేయి పట్టుకుని లేపి, ‘రండి, సూద్దురు గాని’ అని పక్కింటికి తీసుకెళ్ళింది.

అక్కడ ఒక బిడ్డకు పేరు పెడుతున్నారు. గడపలో పీట మీద దిసారి కూర్చున్నాడు. దిసారి అంటే ఆ ఊళ్ళకు మంచి రోజులూ నక్షత్రాలూ చూసే పెద్ద. ఆయన ముందు ఇత్తడి గిన్నెలో నీళ్ళు. ఇంటివాళ్ళు పోయిన తాతల పేర్లు, అవ్వల పేర్లు ఒక్కొక్కటీ చెబుతున్నారు. ఒక్కో పేరుకు ఆయన ఒక్కో బియ్యపు గింజ నీళ్ళలో వదులుతున్నాడు. ఒక పేరు దగ్గర గింజ వెళ్ళి ముందు గింజను ఆనుకుంది. అందరూ ఒక్కసారి ‘ఓ’ అన్నారు. ఆ అవ్వే తిరిగొచ్చిందట. తల్లి ఒళ్ళో పిల్ల ఇదేమీ పట్టనట్టు నిద్రపోతోంది.

‘పిల్ల పుట్టి ఎన్నాళ్ళయింది?’

‘ఇరవై రోజులు దాటినాది. వారానికే ఎట్టాల. గాని దిసారి శానా ఊళ్లకి ఒక్కడే. కిందూళ్లన్నీ సూసుకొని ఆకర్న మాకాడికి వత్తాడు. ఇంకా పైనున్నోల్లకయితే నెల పడతాది.’

‘అప్పటిదాకా?’

‘అప్పటిదాకా పేరుండదు. నాను పుస్తకంలో ఆ గడి ఒదిలీసి, పేరెట్టినాక రాత్తాను. పేరెట్టకముందే పోతే…’ ఆమె ఆగింది. ‘ఇంకేటి రాత్తాను?’

లెక్క చేసే నా కంప్యూటర్ ప్రోగ్రాంలో మొదటి పేజీలోనే ఒక వాక్యం ఉంది. నేనే రాసింది. పేరు గడి ఖాళీగా ఉన్న వరసలు అసంపూర్ణం, తీసెయ్. రెండుసార్లు ఎక్కినవో, సగం రాసి వదిలేసినవో అనుకున్నాను. శుభ్రం చేస్తున్నాననుకున్నాను. రోడ్డు పక్క ఊళ్ళలో కాన్పు ఆసుపత్రిలో అవుతుంది. అక్కడ పుట్టగానే చీటీ మీద పేరు దగ్గర ‘ఫలానా ఆమె బిడ్డ’ అని రాసిస్తారు. ఆ చీటీ చూసి పుస్తకంలో రాస్తారు కాబట్టి వాళ్ళ గడి ఎప్పుడూ ఖాళీ ఉండదు, బిడ్డ ఒక్క పూటే బతికినా సరే. పైకి వెళ్ళేకొద్దీ దిసారి ఆలస్యం, పేరు ఆలస్యం. ఆ లోపు పోయిన ప్రతి బిడ్డనూ నేను తీసిపారేశాను. బతికి పేరు పెట్టించుకున్నవాళ్ళను మాత్రం ఉంచుకుని, చూడండి, దూరాన ఎవరూ చావడం లేదని లెక్క కట్టాను.

ఎలాగో ఆమె అరుగు దాకా వచ్చి కూర్చున్నాను. ఆమె భయపడి నీళ్ళు తెచ్చింది. తాగకుండానే చెప్పాను. పేరు లేని వరసలన్నీ నేనే తీసేశానని.

ఆమెకు వెంటనే అర్థం కాలేదు.

‘తీసీసినావా?’

రెండేళ్ళలో నన్ను ‘మీరు’ అనకుండా ‘నువ్వు’ అని ఆమె మాట్లాడటం అదే మొదలు. పుస్తకం ఒళ్ళోకి తీసుకుని పేజీలు తిప్పి, ఒక వరస నా ముందు పెట్టింది. పుట్టిన నాలుగో రోజున పోయిన బిడ్డ. తల్లి పేరు గడిలో ఉన్నది నాకు బాగా తెలిసిన పేరు. ఫోన్ ఎత్తగానే రెండేళ్ళుగా నేను పిలుస్తున్న పేరు.

‘ఇది నాను కన్న గుంట’ అంది. ‘కిందకి దింపుతుండగానే, మూడో బుజం మారకముందే పుట్టీసినాది. నాలుగు రోజులుంది. పుట్టిన తేదీ రాసినాను. సచ్చిపోయిన తేదీ కూడా ఈ సేత్తోనే రాసినాను. ఎవలూ రాయమని సెప్పనేదు. మన పుస్తకంలో మనది కూడా ఉండాల అనీసి రాసినాను. ఎందుకు తీసీసినావు?’

‘పేరు లేదని’ అన్నాను. ఆ మాట నా నోటి నుంచి వచ్చాక నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ ఫొటో నాకు ఏ రోజున వచ్చిందో నాకు గుర్తు లేదు. ఆ వరసను ఎక్సెల్‌లోకి ఎక్కించింది నేనే, అయినా ఆ పేరు దగ్గర ఆగలేదు. ఆ వారంలో ఆమెతో ఫోన్లో మాట్లాడే ఉంటాను. ‘పేజీలు స్పష్టంగా పంపండి’ అని చెప్పి ఉంటాను.

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. లేచి లోపలికి వెళ్ళింది. ఇక రాదేమో, దారి నేనే వెతుక్కోవాలేమో అనుకున్నాను. కాసేపటికి గిన్నెలో చోడంబలి, అంటే రాగి అంబలి, తెచ్చి నా పక్కన పెట్టింది.

‘తాగండి. ఎండనబడి వచ్చినారు.’

గిన్నె ఖాళీ అయ్యేదాకా తాగాను.

‘మళ్లీ ఎట్టగలరా?’ అంది.

‘పెట్టగలను. అసలు ఫైలు ఉంది. ఏమీ పోలేదు.’

‘అయితే బేగి ఎట్టండి. సుక్రారమే కదా మీటింగు.’

జీపు దాకా తోడు వచ్చింది. దారిలో మూడో భుజం మార్చే చోటు ఎక్కడో అడగాలనిపించింది, అడగలేదు.

మర్నాడు పొద్దున్న పాడేరు బస్టాండు దగ్గర ఒక టిఫిన్ హోటల్లో మూల టేబుల్ చూసుకుని లాప్‌టాప్ తెరిచాను. ఆ ఒక్క వాక్యం తీసేశాను. తీసిన వరసలన్నీ తిరిగి వచ్చాయి. ఒక్కో ఆశా కార్యకర్తకూ ఫోన్ చేసి ఒక్కో ఖాళీ గడి గురించి అడిగాను. అందరూ ఒకటే మాట చెప్పారు, కొందరు ఇంత చిన్న సంగతికి ఫోనెందుకన్నట్టు చెప్పారు. పరీక్షను మాత్రం మార్చలేదు. బీరువాలో కాగితం మీద ఉన్న పరీక్షే వేశాను. పూట నడక ఊళ్ళ గీత మొదట్లోనే, గడప దాటీ దాటకముందే, మెట్టు మీద మెట్టు దిగి కిందికి వచ్చేసింది. గుర్తు ప్లస్ అయింది. నేను ఎదురుచూసిన జవాబే. కానీ దాన్ని చూసి ఊపిరి పీల్చుకోలేకపోయాను. ఇంత మంది బిడ్డలను నేను ఒక్క మీట నొక్కి లేకుండా చేశానన్నదే కళ్ళ ముందు ఆడుతోంది. ఆ రోజు ‘తేడా లేదు’ అని రాసి ప్రింటు తీసి ఉంటే వాళ్ళు ఎప్పటికీ తిరిగి వచ్చేవారు కాదు. ఆ మైనస్ అంత విడ్డూరంగా ఉండబట్టే నేను బస్సెక్కాను.

సార్‌కు ఫోన్ చేసి చెప్పాను.

‘ఆ శుభ్రం చేసిన ఫైలు నేనూ చూశాను కదమ్మా’ అన్నారు. ‘చూసి చాలా నీట్‌గా ఉందని మెచ్చుకున్నాను కూడా. రేపు తప్పు ఎవరు చెబుతారు, నువ్వా నేనా?’

‘నేనే చెబుతాను సార్.’

శుక్రవారం చెప్పాను. తీసేసింది నేనేనని, ఎందుకు తీసేశానో, దానివల్ల లెక్క ఎలా తల్లకిందులైందో చెప్పాను. ఒక అధికారి, ‘మొన్న తప్పయితే ఇవాళ్టిది ఒప్పని ఏమిటి నమ్మకం?’ అని అడిగారు. సరైన ప్రశ్న. నిన్నంతా చేసిన ఫోన్ల జాబితా, నోటుపుస్తకాల ఫొటోలు ఆయన ముందు పెట్టాను. చాలా సేపు చూశారు. పైనున్న భవనమే బాగుచేయాలని, వానలకు ముందే తెరవాలని చివరికి రాసుకున్నారు.

ఆ ఆశా కార్యకర్త కూడా వెనక వరసలో, తలుపు పక్క కుర్చీలో కూర్చుని ఉంది. తెల్లవారకముందే బయల్దేరి కొండ దిగి వచ్చిందట. మీటింగు అయ్యాక వరండాలో నా దగ్గరికి వచ్చి, ‘మేడమ్, ఆ గీతల కాగితం ఒకపాలి ఇయ్యండి’ అంది.

ఇచ్చాను. వరండా పిట్టగోడ మీద పరిచి, గాలికి ఎగరకుండా ఒక చేత్తో పట్టుకుంది. మూడు గీతల్లో కింద ఉన్న గీతను వేలితో వెతికి పట్టుకుంది. ఎవరూ చూపించనక్కర్లేకపోయింది.

‘ఇందులో నా గుంట ఏ మెట్టు?’

కింద ఉన్న రోజుల వరసలో నాలుగు దగ్గర మొదలుపెట్టి, వేలు నిటారుగా పైకి జరిపి చూపించాను. ‘ఇది.’

ఆమె అక్కడ వేలు ఆనించింది. కాసేపు అలాగే ఉంచింది.

‘పక్క మెట్లకన్నా పెద్దగా ఉన్నాదేటి?’

‘ఆ రోజున ఇద్దరున్నారు. నాలుగో రోజున పోయిన బిడ్డ ఇంకొకరున్నారు.’

‘తెలుసు. పైనూరోల్ల గుంటడు’ అంది. ‘ఆల్లమ్మ ఇప్పటికీ సంతకొత్తే నా ఇంటికాడ ఆగి ఎల్తాది.’

తర్వాత ఆమె వేలు కింది మెట్టు మీదికి దిగింది. అది ఎవరిదో చెప్పింది. దాని కింది మెట్టు ఎవరిదో చెప్పింది. తెలియని మెట్టు దగ్గర ఆగి, ‘ఇది మాకాడిది కాదు, అటు కొండోల్లని అడగాల’ అని దాటింది. పేరు లేని బిడ్డలందరినీ తల్లుల పేర్లతో పిలుస్తూ గీత చివరిదాకా దిగింది. నేను ఏమీ రాసుకోలేదు. పక్కన నిలబడి వింటూ ఉన్నాను.